రెండు పట్టికల తీసివేత: ఎక్సెల్, నంపై, పాండాస్, ఎక్స్‌అరే, ఆర్‌లలో దేన్ని ఎప్పుడు వాడాలి?

నల్లగొండలో సైన్సు చదివే పిల్లలు ప్రాజెక్టు అనగానే ముందు బోరు నీళ్ల వైపే చూస్తారు. ఎండాకాలంలో ఒకసారి, వానలు వెనకపట్టాక ఇంకోసారి ఊళ్లకు పోయి సీసాల్లో నీళ్లు పట్టుకొస్తారు. ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలిచి రెండు పట్టికలు తయారు చేస్తారు. ఇక మిగిలింది ఒక్క తీసివేత: ఎండాకాలం అంకెలోంచి వానల తర్వాతి అంకె తీసేస్తే, వాన నీరు భూమిలోకి ఇంకి ఫ్లోరైడ్ ఎంత పలచబడిందో తెలుస్తుంది.

సీసా కడగడంలో, మీటరు సరిచూడటంలో ఎంతో జాగ్రత్తగా ఉండే పిల్లలు ఈ చివరి తీసివేత దగ్గర తప్పటడుగు వేయడం చాలాసార్లు చూశాను. మూడో తరగతి లెక్కే కదా అని ఎవరూ దాన్ని మళ్లీ చూడరు. అందుకే 'సార్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు' అని అడిగిన వాళ్లకు నేను వేగం గురించో, గ్రాఫుల అందం గురించో చెప్పను. రెండు సంగతులు చూడమంటాను. ఏ అంకెను ఏ అంకెతో జత కలుపుతుంది? జత దొరకని అంకెను ఏం చేస్తుంది? ఈ రెండింట్లో ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో తీరు.

నాలుగు బోర్ల లెక్క

చిన్న ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే, లీటరుకు మిల్లీగ్రాముల్లో.

ఎండాకాలం: బోరు 1 – 2.1, బోరు 2 – 3.4, బోరు 3 – 1.2, బోరు 4 – 4.0
వానల తర్వాత: బోరు 1 – 1.8, బోరు 3 – 1.1, బోరు 4 – 3.7, బోరు 5 – 2.2

రెండోసారి పోయేసరికి బోరు 2 పాడైంది. ఊరికే తిరిగిరావడం ఎందుకని పక్కనున్న బోరు 5 నీళ్లు పట్టుకొచ్చారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఊళ్లలో పని ఇట్లనే ఉంటుంది. కానీ ఇప్పుడు రెండు పట్టికల్లోనూ నాలుగేసి అంకెలే ఉన్నాయి. పొడవు సరిపోయింది కాబట్టి చూసే కంటికి ఏ తేడా కనబడదు.

ఎక్సెల్‌లో రెండు నిలువు వరుసలు పక్కపక్కన పేస్టు చేసి తీసివేత ఫార్ములా కిందికి లాగితే వచ్చేవి 0.3, 2.3, −2.5, 1.8. సగటు 0.475. నిజంగా పోల్చదగ్గ బోర్లు మూడే: 1, 3, 4. వాటి తేడాలు 0.3, 0.1, 0.3. సగటు 0.23. అంటే వానల వల్ల జరిగిన మేలు రెట్టింపుగా కనబడింది. మూడో వరుసలో −2.5 వచ్చింది కాబట్టి ఇక్కడ ఎవరికైనా అనుమానం రావచ్చు. నలభై బోర్లున్న పట్టికలో, అంకెలన్నీ దగ్గరదగ్గరగా ఉంటే, ఆ అనుమానం కూడా రాదు.

పైథాన్ భాషలో అంకెల వరుసల లెక్కలకు వాడే లైబ్రరీ నంపై. అది అచ్చం ఎక్సెల్ లాగే చేస్తుంది. దానికి బోరు పేర్లతో పనిలేదు, మొదటిదానితో మొదటిది, రెండోదానితో రెండోది. పొడవులు సరిపోకపోతే మాత్రం ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, అది మంచి గుణమే. గణాంకాలకు వాడే ఆర్ భాషలోని వెక్టర్లు, అంటే అంకెల వరుసలు, ఆ మాత్రం కూడా ఆగవు. పొట్టి వెక్టర్ అయిపోతే మళ్లీ మొదటి నుంచి తిప్పి వాడుకుంటాయి. పన్నెండు నెలల వాన అంకెల్లోంచి నాలుగు అంకెలు తీసేయమంటే, ఆ నాలుగింటిని మూడుసార్లు తిప్పి ఏ హెచ్చరికా లేకుండా జవాబు ఇస్తుంది. అయిదంకెలు ఇస్తే, పన్నెండు అయిదుతో తెగదు కాబట్టి అప్పుడు హెచ్చరిక చూపి, జవాబు మాత్రం ఇచ్చేస్తుంది.

ఆర్‌లో ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. వెక్టర్‌లోని అంకెలకు పేర్లు పెట్టుకోవచ్చు. బోరు 1, బోరు 2 అని పేర్లు పెట్టాక తీసివేస్తే పేర్లు చూసి జత కలుపుతుందని చాలామంది అనుకుంటారు. కలపదు. వరుస ప్రకారమే తీసేసి, జవాబుకు మొదటి వెక్టర్ పేర్లు తగిలిస్తుంది. అంటే పైన మన తప్పు జవాబు 2.3 పక్కన 'బోరు 2' అని నీటుగా రాసి ఉంటుంది. ఉత్త తప్పు కన్నా పేరు తగిలించుకున్న తప్పు ఎక్కువ నమ్మిస్తుంది. ఆర్‌లో డేటా ఫ్రేములదీ, అంటే పట్టికలదీ, ఇదే తీరు. కాబట్టి ముందు బోరు నంబరు మీద మెర్జ్ చేసి, అంటే ఆ నంబరు చూసి రెండు పట్టికలనూ ఒకటిగా కలిపి, తర్వాతే తీసివేయాలి. ఆర్‌లోనే తేదీల వారీ డేటాకు వాడే జూ, ఎక్స్‌టీఎస్ ప్యాకేజీల పట్టికలు మాత్రం తేదీలు చూసి, రెండింట్లోనూ ఉన్న తేదీలనే జత కలుపుతాయి.

పైథాన్‌లోనే పట్టికలకు వాడే పాండాస్ దగ్గరికి వస్తే తీరు మారుతుంది. బోరు నంబరును ఇండెక్స్‌గా, అంటే వరుసల పేరుగా, పెడితే, అది పేరు చూసి పేరును కలుపుతుంది. జవాబులో అయిదు వరుసలు వస్తాయి: బోరు 1కి 0.3, బోరు 3కి 0.1, బోరు 4కి 0.3. బోరు 2, బోరు 5 పక్కన 'ఎన్‌ఏఎన్' అని ఉంటుంది, అంటే ఇక్కడ అంకె లేదు అని. నాకు ఈ జవాబు ఎంతో నచ్చుతుంది. లెక్క చేస్తూనే, మీ సర్వేలో రెండు బోర్లకు జోడీ లేదన్న సంగతీ చెప్పేస్తుంది.

కానీ ఇండెక్స్ పెట్టడం మరిచిపోతే పాండాస్ 0, 1, 2, 3 అని తనే నంబర్లు వేసుకుంటుంది. వాటితో జత కలిపితే మళ్లీ ఎక్సెల్ జవాబే వస్తుంది. 'పాండాస్‌లోనే చేశాం సార్' అన్న మాటకు అప్పుడు విలువ లేదు. ఒకే బోరు నంబరు రెండు పట్టికల్లోనూ రెండేసిసార్లు వేర్వేరు వరుసలో పడితే, ఒక్కోదాన్ని ప్రతిదానితో కలిపి నాలుగు వరుసలు చేస్తుంది. తీసివేతకు ముందు ఇండెక్స్‌లో నకళ్లు లేవని చూసుకోవడం రెండు నిమిషాల పని.

ఎక్స్‌అరే కూడా పైథాన్ లైబ్రరీయే, రెండు మూడు దిశలున్న డేటాకు వాడేది. అదీ పేర్లు చూసే కలుపుతుంది గానీ, మామూలుగా రెండింట్లోనూ ఉన్నవాటినే ఉంచి మిగతావి వదిలేస్తుంది. జవాబు మూడు వరుసలే. సగటు సరిగ్గా 0.23 వస్తుంది. కానీ బోరు 2 కథ ఎక్కడా కనబడదు. ఇంకా ఇబ్బంది అక్షాంశ రేఖాంశాల దగ్గర వస్తుంది: ఒక ఫైల్లో 17.05, ఇంకో దాంట్లో 17.0500001 ఉంటే ఆ రెండూ దానికి వేర్వేరు చోట్లు. అన్నీ అట్లనే ఉంటే జవాబు ఖాళీగా వస్తుంది. దీనికి మందు ఉంది. సెట్టింగుల్లో అరిథ్‌మెటిక్ జాయిన్ అనేదాన్ని 'ఎగ్జాక్ట్' అని మార్చితే, లేబుళ్లు తు.చ. తప్పకుండా సరిపోకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. నేర్చుకునేవాళ్లు దాన్ని అట్లనే పెట్టుకుని పని చేయాలని నా సలహా.

ఖాళీ గడి సున్నా కాదు

ఎక్సెల్‌లో ఖాళీ గడిని తీసివేతలో పెడితే దాన్ని సున్నాగా లెక్కిస్తుంది. 3.4 లోంచి ఖాళీ తీసేస్తే 3.4. పట్టికలో అది 'వానల తర్వాత ఈ బోరులో ఫ్లోరైడ్ పూర్తిగా పోయింది' అని చదువుకోవాల్సి వస్తుంది. పాండాస్‌లోనూ ఎన్‌ఏఎన్ చూడటానికి బాగాలేదని లేని అంకె చోట సున్నా వేసుకొమ్మనే 'ఫిల్ వాల్యూ సున్నా' పెట్టేవాళ్లున్నారు. ఫలితం అదే.

మన దగ్గర ఇది మార్కులతో తీరే తప్పు కాదు. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, వేరే నీటి దారి లేనప్పుడు 1.5 దాకా. ఎముకలు వంగిపోయిన మనుషులను కళ్లారా చూసిన జిల్లా ఇది. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పడ్డ చోటు. కొలవని బోరును సున్నా అని రాయడం అంటే, ఆ నీళ్లు తాగొచ్చని రాసినట్టే. అందుకని ఖాళీని ఖాళీగా ఉంచే సాఫ్ట్‌వేర్‌కే నా ఓటు. నింపాల్సి వస్తే ఎందుకు నింపామో పక్కన ఒక వాక్యం రాసిపెట్టాలి.

పాలమూరు వైపు ఇదే తిప్పలు వాన లెక్కల్లో వస్తాయి. వానమాపకం నెలలో పది రోజులు పనిచేయలేదనుకోండి. పాండాస్‌లో మొత్తం కూడమంటే ఆ పది రోజులు వదిలేసి మిగతా ఇరవై కూడుతుంది, నెల మొత్తం తక్కువగా కనబడుతుంది. నెలంతా అంకెలే లేకపోతే మొత్తం సున్నా అంటుంది, చినుకే పడలేదన్నట్టు. 'మిన్ కౌంట్' అని ఒక షరతు ఉంది. కనీసం ఇన్ని రోజుల అంకెలుంటేనే కూడు, లేకపోతే ఎన్‌ఏఎన్ ఇవ్వు అని చెప్పొచ్చు. వాన మొత్తాలు కట్టే ప్రతి ఒక్కరూ దాన్ని వాడాలి. నంపై, ఆర్ ఇక్కడ నయం: ఒక్క అంకె లేకున్నా మొత్తమే లేదంటాయి, మనం కావాలని చెప్తే తప్ప దాటవేయవు. కరువు లెక్కకట్టే చోట ఆ మొండితనమే మనకు కావాల్సింది.

భారత వాతావరణ శాఖ 1901 నుంచి రోజువారీ వానను 0.25 డిగ్రీల గడుల్లో ఇస్తుంది. అంకె లేని గడిలో −999 ఉంటుంది. గడుల డేటా దాచే నెట్‌సీడీఎఫ్ రకం ఫైలులో ఆ గుర్తు సరిగ్గా రాసి ఉంటే, ఎక్స్‌అరే తెరిచేటప్పుడే దాన్ని ఎన్‌ఏఎన్ చేసేస్తుంది. బైనరీ ఫైలును నంపైతో చదివితే ఆ పని మనదే. ముప్పై అంకెల సగటులో ఒక్క −999 ఉన్నా సగటు 33 మిల్లీమీటర్లు కిందికి పడిపోతుంది.

జూన్‌లో సరిపోయి జూలైలో ఆగిపోయే లెక్క

ముప్పై మండలాల రోజువారీ వాన పట్టిక ఉందనుకుందాం. అడ్డంగా మండలాలు, నిలువుగా రోజులు. ప్రతి రోజుకీ ఒక సగటు కట్టి, ఆ రోజు ఒక్కో మండలం సగటు కన్నా ఎంత ఎక్కువో తక్కువో చూడాలి.

నంపైలో ఆ పట్టికలోంచి రోజుల సగటు వెక్టర్ తీసేస్తే, అది ఎప్పుడూ చివరి దిశతో జత కలుపుతుంది, ఇక్కడ అంటే మండలాలతో. జూన్‌లో రోజులు ముప్పై, మండలాలు ముప్పై. పొడవు కుదిరింది కాబట్టి మొదటి రోజు సగటును మొదటి మండలం వరుస మొత్తంలోంచి తీసేస్తుంది. ఏ ఎర్రరూ రాదు. జూలైలో రోజులు 31 కాబట్టి అప్పుడు ఎర్రర్ వస్తుంది. పిల్లలు జూలై ఫైలే పాడైందనుకుంటారు. నిజానికి పాడైంది జూన్ జవాబు.

పాండాస్‌లో ఇదే తీసివేత చేస్తే, రోజుల పేర్లను మండలాల పేర్లతో జత కలపబోయి ఒక్కటీ దొరక్క, పట్టిక నిండా ఎన్‌ఏఎన్ వస్తుంది. విసుగొస్తుంది గానీ మోసం లేదు. సబ్ అనే ఫంక్షన్‌లో దిశ చెప్తే సరిపోతుంది. ఎక్స్‌అరేలో ఈ బాధే లేదు. దిశలకు 'రోజు', 'మండలం' అని పేర్లుంటాయి, సగటుకు 'రోజు' అన్న పేరుంటుంది, అది పోయి రోజుతోనే కలుస్తుంది. పట్టికను తిప్పి పెట్టినా జవాబు మారదు. రోజు, అక్షాంశం, రేఖాంశం అని మూడు దిశలున్న డేటాకు నేను ఇంకోటి చెప్పను, ఎక్స్‌అరేనే.

మాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ గురించి అడిగేవాళ్లకు: 2016బి వెర్షన్ నుంచి అది కూడా అడ్డం వరుసను నిలువు వరుసతో కూడితే గళ్ల పట్టిక చేసి ఇస్తుంది, పాత అలవాటుతో ఎర్రర్ కోసం చూడకండి. జూలియా భాషలో పొడవు కలవని వెక్టర్లను మామూలు ప్లస్‌తో కూడనివ్వరు, విస్తరించాలంటే గుర్తు ముందు చుక్క పెట్టాలి. ఆ చుక్క నాకు ఇష్టం. ఏం చేస్తున్నామో మన చేతే రాయిస్తుంది.

గుర్తుల సంగతి కూడా ఇక్కడే. నంపైలో నక్షత్రం గుర్తు పెడితే గడికి గడి గుణిస్తుంది, మాత్రికల గుణకారానికి @ వాడాలి. మాట్‌ల్యాబ్‌లో ఉత్త నక్షత్రమే మాత్రికల గుణకారం. పైథాన్‌లో 3^2 అంటే 1 వస్తుంది, అక్కడ ఆ గుర్తు వర్గానికి కాదు, రెండు నక్షత్రాలు పెట్టాలి. ఎక్సెల్‌లో −3^2 అంటే 9, ఆర్‌లో −9. ఫార్ములాలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసేవాళ్లు బ్రాకెట్లు పెట్టుకోవాలి.

ఉపగ్రహ చిత్రాల తీసివేత

పత్తి చేలు ఎట్లున్నాయో చూడటానికి సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. పచ్చదనాన్ని చెప్పే అంకె ఎన్‌డీవీఐ కట్టాలంటే పరారుణ అంకెలోంచి ఎరుపు అంకె తీసేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. అందులో రెండు గోతులున్నాయి.

మొదటిది: ఆ చిత్రాలు గుర్తు లేని 16 బిట్ల పూర్ణాంకాలు. నాగార్జునసాగర్ నీళ్ల మీద ఒక గడి తీసుకుంటే, పరారుణం ఎరుపు కన్నా తక్కువ ఉంటుంది. 600 లోంచి 900 తీసేస్తే −300 రావాలి. ఆ రకం సంఖ్యల్లో రుణాంకాలకు చోటు లేదు కాబట్టి నంపై 65236 ఇస్తుంది. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు. జలాశయం మధ్యలో ప్రపంచంలో ఎక్కడా లేనంత పచ్చదనం కనబడుతుంది. ముందుగా ఫ్లోట్‌కు, అంటే దశాంశ సంఖ్యలకు, మార్చుకుంటే చాలు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లోని రాస్టర్ కాలిక్యులేటర్‌లో దశాంశాలతోనే లెక్క నడుస్తుంది కాబట్టి ఈ చిక్కు రాదు. కోడు రాయని వాళ్లు, ఒకటి రెండు చిత్రాలతో పనిపడ్డ వాళ్లు అక్కడే చేసుకోవడం మంచిది.

రెండోదాన్ని ఇక్కడ చెప్పిన సాఫ్ట్‌వేర్లు వాటంతటవి పట్టుకోవు. 2022 జనవరి 25 నుంచి వచ్చిన చిత్రాల్లో ప్రతి అంకెకు 1000 కలిపి ఇస్తున్నారు, వాడేముందు మనం తీసేయాలి. పరారుణం 3000, ఎరుపు 1000 ఉన్న చేనుకు ఎన్‌డీవీఐ 0.5. ఆ వెయ్యి తీయకుండా 4000, 2000తో లెక్క కడితే 0.33. 2021 యాసంగినీ 2023 యాసంగినీ పోల్చే విద్యార్థి, రెండేళ్లలో పంట పడిపోయిందని రాసేస్తాడు. చేనుకు ఏమీ కాలేదు.

కొలతలు, పొరపాటు హద్దులు

జూరాల నిండు మట్టం 318.516 అని రాస్తారు, మీటర్లలో. శ్రీశైలం 885, సాగర్ 590 అని రాస్తారు, అడుగుల్లో. ఒకే పట్టికలో 'మట్టం' అన్న శీర్షిక కింద ఈ అంకెలు పడితే, ఇక్కడ చెప్పిన ఏ సాఫ్ట్‌వేరూ దానంతటది అడ్డం చెప్పదు. ఎక్స్‌అరేలో కొలత పేరు రాసుకునే చోటుంది గానీ అది ఉత్త చీటీ, లెక్కలో పాల్గొనదు. పైథాన్‌లో పింట్, ఆర్‌లో యూనిట్స్ అనే ప్యాకేజీలు మాత్రం అడుగులను మీటర్లలోకి మార్చి తీసివేస్తాయి. అడుగులకు టీఎంసీలు కూడమంటే కుదరదని ఆగుతాయి.

మీటరు ఖచ్చితత్వం ±0.1 అయితే, 2.1 లోంచి 1.8 తీసేసినప్పుడు వచ్చే 0.3కి హద్దు ±0.14. వాన వల్ల మేలు జరిగిందా లేదా అన్నది ఈ రెండో అంకె లేకుండా చెప్పలేం. పైథాన్‌లో అన్‌సర్టెన్టీస్, ఆర్‌లో ఎర్రర్స్ ప్యాకేజీ ఈ హద్దులను తీసివేతతో పాటే మోసుకొస్తాయి. ఎక్సెల్‌లో ఇంకో నిలువు వరుస పెట్టి వర్గాల మొత్తానికి వర్గమూలం మనమే కట్టాలి. కట్టొచ్చు, కష్టమేం కాదు.

పేరు అదే, ఊరు వేరు

పేరు చూసి జత కలిపేవే మేలని ఇంతసేపు చెప్పాను. అయితే ఆ పేరు సంగతి కూడా చూడాలి. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లీషులో రాసేటప్పుడు మధ్యలో ఒక 'ఎ' వేసేవాళ్లున్నారు, వేయనివాళ్లున్నారు. పాండాస్‌కు ఆ రెండూ రెండు జిల్లాలు, రెండింటికీ ఎన్‌ఏఎన్ వస్తుంది. పేరు చివర కనబడని ఖాళీ ఉన్నా అంతే. ఇవి కంటికి దొరికే తప్పులు.

దొరకనిది వేరే ఉంది. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాలోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి. 2019లో నారాయణపేట వేరైంది. నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి పోయాయి. 2014 ఫైల్లో మహబూబ్‌నగర్, 2020 ఫైల్లో మహబూబ్‌నగర్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. పాండాస్, ఎక్స్‌అరే హాయిగా జత కలిపి తీసివేస్తాయి, 'ఎగ్జాక్ట్' సెట్టింగు కూడా ఆపదు. పంట విస్తీర్ణం సగానికి సగం పడిపోయినట్టు జవాబు వస్తే, అది రైతు మానేసిన సాగు కాదు, గీత మారిన జిల్లా. ఇట్లాంటి చోట జిల్లా లెక్కలు పక్కనబెట్టి, మండలం లేదా గ్రామం స్థాయికి దిగి, ఏ మండలం ఏ జిల్లాలోకి పోయిందో ఒక పట్టిక రాసుకుని, మళ్లీ పైకి కూడుకోవాలి. మండలాలు కూడా కొత్తవి వచ్చాయి కాబట్టి గ్రామం స్థాయి దొరికితే అదే నయం.

మరి మీకేది?

బోర్లు, బావులు, ఊళ్లు అని పేర్లతో నడిచే పట్టికలైతే పాండాస్. ఇండెక్స్ పెట్టడం మాత్రం మరవొద్దు. కాలేజీలో ఇప్పటికే ఆర్ చెప్తుంటే మారాల్సిన పనిలేదు, మెర్జ్ చేయకుండా తీసివేత చేయనని ఒక నియమం పెట్టుకోండి. గడుల వాన, ఉష్ణోగ్రత, ఏళ్లకేళ్ల డేటా అయితే ఎక్స్‌అరే. నంపైని నేరుగా వాడాల్సింది చిత్రాల మీద, అదీ రెండు చిత్రాల గడులు ఒకదానిమీదొకటి సరిగ్గా కూర్చున్నాయని చూసుకున్నాక. సొంత ల్యాప్‌టాప్ లేని పిల్లలు గూగుల్ కోల్యాబ్‌లో వీటన్నింటినీ ఉచితంగా నడుపుకోవచ్చు.

ఎక్సెల్ ఒక్కటే వచ్చు, ఈ నెలలోనే రిపోర్టు ఇవ్వాలి అనేవాళ్లు భయపడాల్సిన పనిలేదు. పక్కపక్కన పేస్టు చేయకండి. రెండు షీట్లు వేరుగానే ఉంచి, బోరు నంబరు చూసి ఇంకో షీటులోని అంకెను తెచ్చే వీలుకప్ ఫంక్షన్‌తో తెచ్చుకోండి, నాలుగో చోట ఫాల్స్ అని తప్పక రాయండి, లేకపోతే దగ్గరి నంబరు తెచ్చి పెడుతుంది. కొత్త ఎక్సెల్, లిబ్రేఆఫీస్ 24.8 ఉన్నవాళ్లకు ఎక్స్‌లుకప్ ఉంది, అది మామూలుగానే ఖచ్చితమైన జతను వెతుకుతుంది. దొరకని బోరుకు ఎన్‌ఏ అని వస్తుంది, దాన్ని అట్లనే ఉండనివ్వండి. ఇంకొక్కటి చూసుకోవాలి: బోరు నంబరు ఉండి పక్కన అంకె గడి ఖాళీగా ఉంటే, ఎక్సెల్‌లో ఈ రెండు ఫంక్షన్లూ సున్నా తెచ్చిపెడతాయి. అందుకని కొలవని చోట గడిని ఖాళీగా వదలకుండా 'కొలవలేదు' అని అక్షరాల్లో రాయండి. అప్పుడు తీసివేత ఫార్ములా తప్పుడు అంకె ఇవ్వకుండా 'వాల్యూ' అన్న ఎర్రర్ చూపిస్తుంది, ఆ బోరుకు మళ్లీ పోవాలని మీకు తెలుస్తుంది.